వదిన పంచిన క్లిప్పు దీపాలు

శానటోరియం,
నవంబరు 3

స్మరాండా,

చేరాను. బస్సు డ్రైవరు దారిపొడవునా ఒకే పాట పెట్టి నా ప్రాణం తీశాడు గానీ, కొండ మీదకి క్షేమంగానే చేర్చాడు. క్షయ ఊపిరితిత్తులతో ఆగకుండా గొంతులోకి కూడా పాకిందట. నోరు మూసుకుంటే తప్ప గొంతు మానదని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. గుసగుసలు కూడా పనికిరావట. నువ్వు చర్చికి పోయి దండాలు పెట్టి వస్తావని నాకు తెలుసు. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ నువ్వు మొక్కుకుంటున్నది దేవుడు ఇన్నాళ్లకి విన్నాడు. కాబట్టి ఫోన్లు వద్దు. ఉత్తరాలు రాసుకుందాం. బస్సు డ్రైవరు చేతికిస్తే వారానికోసారి అటూ ఇటూ తెస్తానన్నాడు. అతని పాటని అందుకే క్షమించాను.

గదిలో నలుగురం. నాది కిటికీ పక్క మంచం. నా పక్కన కతింకా అనే ముసలామె, నాలుగు మాటలకోసారి శిలువ గుర్తు వేసుకుంటుంది. ఎదురుగా రుక్సాండ్రా, పెళ్లీడు పిల్ల. తలుపు దగ్గర ఇంకొకామె, ఆవిడ ఎప్పుడూ గోడవైపు తిరిగే పడుకుంటుంది. కతింకా కాళ్ల దగ్గర చిన్న ఫ్రిజ్ ఉంది, అందరి పెరుగు డబ్బాలూ అందులోనే.

నా కళ్లె పరీక్షకి పంపారు. మందులకు లొంగే రకమో, మొండి రకమో క్రిస్మస్ వెళ్లాక గానీ తెలియదట. లొంగే రకమైతే ఈస్టరుకి ఇంటికి వస్తాను. మొండి రకమైతే ఏమిటన్నది డాక్టరమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగడానికి నోరు లేదన్నది మంచి సాకు.

ఒక సాయం చెయ్యి. ఇక్కడ తొమ్మిదింటికి నర్సు కారిడార్లో మీట నొక్కుతుంది, గదంతా చీకటైపోతుంది. ఆ మీట తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. నాకు భయంగా ఉంది స్మరాండా. ఈ వయసులో చీకటంటే భయమని నీకు రాస్తున్నాను, చదివి చించెయ్. పుస్తకానికో మంచానికో తగిలించుకునే క్లిప్పు దీపాలు బజార్లో అమ్ముతారే, చవకవి, అలాంటిది ఒకటి పంపు. పాత నవల ఒకటి తెచ్చుకున్నాను, చదువుకుంటూ పడి ఉంటాను.

నా కుట్టుమిషను మీదకి పిల్లిని ఎక్కనివ్వకు.

నోరు మూసుకున్న నీ ఆడపడుచు,
అగ్లాయా


బోటోషాని,
నవంబరు 9

వదినా,

మీరు ఊహించినట్టే నవ్వాను. తర్వాత మీ తమ్ముడు ఉత్తరం చేతిలో పట్టుకుని పెరట్లోకి పోయి ఎంతకీ రాకపోతే చూడబోయాను. కట్టెలు కొడుతున్నాడు. మనకి ఇప్పుడు కట్టెల అవసరం ఏముంది? అప్పుడు నాకూ ఏడుపొచ్చింది.

ఉత్తరం చించలేదు. మీకు చీకటంటే భయమన్న కాగితం నా చేతికొస్తే చించుకుంటానా? ఇంటికొచ్చాక వచ్చిన చుట్టాలందరికీ చదివి వినిపిస్తాను. అందుకైనా మీరు రావాలి.

దీపం కోసం బస్టాండు వెనక చైనా సామాన్ల కొట్టుకి వెళ్లాను. కొట్టావిడ బల్ల మీద పది రకాలు పరిచింది. బిళ్ల బ్యాటరీలవి, వైరు పెట్టి ఛార్జింగ్ చేసేవి, పాములా మెడ తిరిగేవి, గుడ్లగూబ బొమ్మవి కూడా.

"ఇది తీసుకోమ్మా, పుస్తకం పగల్లా కనిపిస్తుంది" అంది.

"పగల్లా కనిపిస్తే మా వదిన లేచి ఊళ్లో అందరి పనులూ సరిదిద్దుతుంది, కాస్త తగ్గేది చూపించు" అన్నాను.

మొత్తానికి అన్నిటికన్నా చవకది, తెల్లది, బిళ్ల బ్యాటరీలది తీసుకున్నాను. చిన్నదైనా వెలుగు గట్టిగా ఉంది. మీ తమ్ముడు "అక్కకి ఇలాంటిదా కొనేది?" అని గొణిగాడు. చదివేది నాలుగు పేజీలు, దానికి షాండ్లియరు కావాలా అన్నాను. దీపంతో పాటు రేగిపండ్ల జామ్ పెట్టాను. మూత గట్టిగా ఉంటుంది, నర్సు చేత తీయించుకోండి.

క్యాబేజీ పీపాలో ఊరేశాం. మీరు లేకపోవడంతో ఉప్పు ఎక్కువైందని చెప్పేవాళ్లు లేరు. ఎక్కువే అయింది.

మీ మరదలు,
స్మరాండా


శానటోరియం,
నవంబరు 17

స్మరాండా,

కొట్టావిడ నిన్ను చూసి మురిసిపోయి ఉంటుంది. ఎవరూ కొనక మూలపడ్డది నీకు అంటగట్టింది. మంచం కమ్మీ లావుపాటి గొట్టం, ఆ క్లిప్పు నోరు దాని సగానికి కూడా తెరుచుకోదు. బలవంతంగా పెడితే ఎగిరి పెరుగు గిన్నెలో పడింది. వెలుగు చూస్తే పళ్ల డాక్టరు ముఖం మీద వేసే దీపంలా తెల్లగా పొడుస్తుంది. నా పేజీ మీద పెడితే ఎదురుగా రుక్సాండ్రా దుప్పటి ముసుగేసుకుంది. బిళ్ల బ్యాటరీల సంగతి చెప్పనే అక్కర్లేదు, నవల్లో దొరసాని ఇంకా రైలు దిగనే లేదు, దీపం ఎర్రబడటం మొదలైంది. ఇక్కడ ఆ బిళ్లలు దొరకవు.

కాబట్టి శ్రద్ధగా చదువు. క్లిప్పు నోరు వెడల్పుగా తెరుచుకోవాలి. లోపల రబ్బరు ఉండాలి, లేకపోతే జారుతుంది. వెలుగు పసుపు రంగుది కావాలి, తగ్గించుకునే మీట ఉండాలి. వైరుతో ఛార్జింగ్ అయ్యేది తీసుకో, పగలు నర్సుల గదిలో పెట్టి ఇస్తామన్నారు. మెడ వంచితే వంచినచోట నిలవాలి. కొట్లోనే వంచి, కాసేపు అలా వదిలి చూడు. నెమ్మదిగా తల వాల్చేస్తే వద్దను.

మొదటిది కతింకాకి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని ప్రార్థన పుస్తకం అట్టకి తగిలించుకుంది. ఆ పల్చటి అట్టకి సరిగ్గా పట్టింది. వెలిగించదు, బ్యాటరీ అయిపోతుందని. దిండు కింద పెట్టుకుని ఉందో లేదో తడిమి చూసుకుంటుంది.

తలుపు దగ్గర మంచం ఖాళీ అయింది. దాని గురించి తర్వాతెప్పుడైనా రాస్తాను.

కొత్త దీపం త్వరగా పంపు. సాకులు చెప్పకు.

అగ్లాయా


బోటోషాని,
నవంబరు 23

వదినా,

డబ్బులు పోసి కొన్న దీపం పక్క మంచానికి దానం చేశారా? పోనీండి, ముసలావిడ ప్రార్థన చేస్తే అందులో నాకూ ఓ వాటా వస్తుంది.

మీరు రాసిన కాగితం పట్టుకుని కొట్టుకి వెళ్లాను. దీపం మెడ వంచి బల్ల మీద పెట్టి నిలబడ్డాను. "ఏం చూస్తున్నావమ్మా?" అంది కొట్టావిడ. "తల వాలుస్తుందేమోనని" అన్నాను. "దీపమా, నువ్వా?" అంది. నా వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. మీ కోసం నేను పడుతున్న అవమానాలు ఇవీ.

రెండు వాలిపోయాయి. మూడోది నిలబడింది, అదే పంపుతున్నాను. మీ తమ్ముడు పొయ్యి గొట్టానికి తగిలించి చూశాడు, గట్టిగా పట్టింది. వెలుగు మూడు మెట్లుగా తగ్గుతుంది. అన్నిటికన్నా కింది మెట్టు మీద పెడితే ఎక్కువ కాలం వస్తుందట.

తలుపు దగ్గర ఆవిడ ఇంటికెళ్లిపోయిందా? తొందరగానే నయమైందే! మీక్కూడా అలాగే అవుతుంది. మీ తమ్ముడికి అదే చెప్పాను, ఆ పూట కాస్త తిన్నాడు.

ఆంద్రేయ పండగొస్తోంది. మీ కిటికీకి కూడా రాయమని వెల్లుల్లి పెట్టాను. ఆ రోజు చెడుగాలులు తిరుగుతాయి, నవ్వకుండా రాయండి.

స్మరాండా


శానటోరియం,
డిసెంబరు 1

స్మరాండా,

ఈసారి దీపం దీపంలా ఉంది. మెచ్చుకుంటున్నాను, తేదీ రాసి పెట్టుకో. మంచం కమ్మీని ఉడుంపట్టు పట్టింది. పుస్తకానికి పెట్టాలంటే పేజీలకి కాదు, వెనక అట్టకి పెట్టి మెడని ముందుకు వంచాలి. అప్పుడు బరువు చేతి మీద పడదు, పక్కవాళ్ల కళ్లలోనూ పడదు. కింది మెట్టు మీద పెడితే కొవ్వొత్తి వెలుగులాగే ఉంది. కతింకా చూసి, "దీన్ని చూస్తే ఎవరైనా కొవ్వొత్తే అనుకుంటారు" అంది. అని, దిండు కింద తన తెల్లదాన్ని తడిమి చూసుకుంది.

అది కూడా ఇప్పుడు నా దగ్గర లేదు. రుక్సాండ్రాకి ఊపిరి ఆడక ఆక్సిజన్ గదికి మార్చారు. మంచం తోసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లకి ఇచ్చేశాను.

ఇంకో రెండు పంపు, అలాంటివే. ఎందుకని అడగకు. తొందరగా పంపు, అది మాత్రం గుర్తుంచుకో. కతింకా దగ్గరున్న తెల్లదాని పని అయిపోవచ్చింది.

కిటికీకి వెల్లుల్లి రాశాను. నర్సు వచ్చి "ఈ గదిలో వంట ఎవరు చేస్తున్నారు?" అని అరిచింది.

అగ్లాయా


బోటోషాని,
డిసెంబరు 5

వదినా,

దీపాలు పంపడం లేదు.

మీరు నన్ను ఏమనుకుంటున్నారు? నేనూ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను. బతికుండగా తన చేత్తో దీపాలు పంచిపెట్టేది ఎవరో నాకు తెలియదా? మా సఫ్తా పెద్దమ్మ వసంతంలో వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్లకల్లా కొవ్వొత్తీ కూజా దానం చేసింది. "ఏమిటిది పెద్దమ్మా?" అంటే, "అక్కడ నాకు చీకటిగా ఉండకూడదు కదే, ముందే పంపుకుంటున్నాను" అంది. ద్రాక్షలు కోసే వేళకి పెద్దమ్మ లేదు. మీరు ఒకటిచ్చారు, రెండోదిచ్చారు, ఇప్పుడింకో రెండు కావాలంటున్నారు. ఎందుకని అడగొద్దంటున్నారు.

నిన్న మీ గదిలోకి వెళ్లాను. పిల్లి కోసమే వెళ్లాను, నమ్మండి. సొరుగు తెరిచి చూశాను. ఈస్టరు నాడు చర్చిలో వెలిగించి తెచ్చుకుని, ప్రాణం పోయేటప్పుడు చేతిలో పెట్టమని మీరు దాచుకున్న కొవ్వొత్తి అక్కడ లేదు. వెంట తీసుకెళ్లారు. మాకు చెప్పకుండా! చెడ్డీలూ సబ్బులూ సర్దుకున్నట్టు అదీ సర్దుకుని బస్సెక్కారా?

డాక్టరమ్మ నిజంగా ఏం చెప్పింది? పరీక్ష ఫలితం ముందే వచ్చిందా? మీ తమ్ముడు శానటోరియానికి ఫోన్ చేశాడు. ఎవరో ఎత్తి, "రోగుల సంగతులు ఫోన్లో చెప్పం, మీరే రండి" అన్నారు. బాగుంటే బాగుందని చెప్పడానికి ఏం రోగం వాళ్లకి? అప్పటినుంచీ ఈయన ముద్ద ముట్టడం లేదు. నన్ను చూసి, "దీపాలు పంపకు. పంపితే మనమే సాగనంపినట్టు" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

అందుకని ఉన్ని మేజోళ్లు పంపుతున్నాను. మీకు సరిపోయేలా నేనే అల్లాను. ఇవి ఎవరికీ ఇవ్వకండి. కాళ్లు వెచ్చగా పెట్టుకోండి, మందులు మింగండి, దీపాల ఊసెత్తకండి. నాకు చాలా భయంగా ఉంది వదినా.

స్మరాండా


శానటోరియం,
డిసెంబరు 14

స్మరాండా,

మేజోళ్లు అందాయి. పొట్లం చేతిలోకి తీసుకోగానే మెత్తగా తగిలింది. దీపాలు మెత్తగా ఉండవు కదా.

ఇప్పుడు అన్నీ చెబుతాను. నీకు భయమేస్తుందని ఇన్నాళ్లూ దాచాను. దాచినందుకు ఇంకా ఎక్కువ భయపడ్డావు, కాబట్టి దాచి లాభం లేదు.

కొవ్వొత్తి తెచ్చుకున్న మాట నిజం. గేటు దగ్గరే నర్సు సంచీ తిప్పి చూసి లాగేసుకుంది. లోపల ఆక్సిజన్ సిలిండర్లున్నాయి, నిప్పు కనిపిస్తే అందరం గాల్లోకి లేస్తాం అంది. నా పేరు రాసి అలమారాలో పెట్టి తాళం వేసింది. తప్పు పట్టడానికి లేదు.

తలుపు దగ్గర ఆవిడ ఇంటికెళ్లలేదు స్మరాండా. నేను వచ్చిన వారానికే, లైట్లు తీసేశాక పోయింది. ఊపిరి కోసం ఎగబీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది, మనిషి కనిపించదు. కతింకా "దీపం, ఎవరైనా దీపం పెట్టండి, చీకట్లో పోతోంది" అని గుండెలు బాదుకుంది. ఎవరి దగ్గరా అగ్గిపుల్ల కూడా లేదు. నర్సు వచ్చేసరికి అంతా అయిపోయింది. తెల్లారాక కతింకా నా మణికట్టు పట్టుకుని, "నన్ను మాత్రం ఇలా పోనివ్వకు తల్లీ. చేతిలో వెలుగు లేకుండా పోతే దారి తెలియదు, అక్కడే తిరుగుతుంటాను" అంది. ఆవిడకి నా అన్నవాళ్లు లేరు.

నీ తెల్ల దీపం అందుకు ఇచ్చాను. రుక్సాండ్రా కూడా అందుకే అడిగింది. ఆదివారం ఫాదరు గారు వస్తే, నోరు తెరవకూడదు కదా, కాగితం మీద రాసి అడిగాను: బ్యాటరీ దీపం చెల్లుతుందా? ఆయన గడ్డం నిమురుకుని, "పుస్తకంలో ఎక్కడా లేదమ్మా. పెట్టండి. పైన అడిగితే నేను జవాబు చెబుతాను" అన్నాడు. అప్పటినుంచీ పక్క గదుల ఆడవాళ్లు కూడా వచ్చి మాకూ ఒకటి తెప్పించమంటున్నారు. నేను దీపాలు పంచింది నా కోసం కాదు. వాళ్ల భయం చూడలేక.

గురువారం లైట్లు తీసేశాక కతింకాకి ఆయాసం ఎక్కువైంది. నర్సు మీట నొక్కడం కూడా మరిచి, డాక్టరమ్మ కోసం పక్క భవనానికి పరుగెత్తింది. నేను దిండు కింద నుంచి తెల్లదాన్ని తీసి మీట నొక్కాను. వెలగలేదు. బిళ్లలు తీసి తుడిచి మళ్లీ పెట్టాను. వెలగలేదు. ఆవిడ చూపు నా చేతి మీదే ఉందని కిటికీ లోంచి పడే మంచు వెలుతురులో తెలుస్తోంది. "వెలిగించావా?" అంటోంది. ఆవిడ అడుగుతోంది, నా దగ్గర ఉన్ని మేజోళ్లు ఉన్నాయి.

అప్పుడు ఫ్రిజ్ తలుపు తెరిచాను. లోపలి బల్బు వెలిగింది. మంచాన్ని నా శాయశక్తులా దాని వైపు లాగి, ఆవిడ చెయ్యి తీసి ఆ వెలుతురులో పెట్టి, ఒక చేత్తో తలుపు మూసుకుపోకుండా పట్టుకుని నిలబడ్డాను. "వెలిగింది కతింకా" అన్నాను, గట్టిగానే అన్నాను, గొంతు పోతే పోయిందని. "చల్లగా ఉందే" అంది ఆవిడ. అవే చివరి మాటలు. అందరి పెరుగు డబ్బాల మధ్య నుంచి వెళ్లిపోయింది.

తెల్లారి నర్సు, తలుపు తెరిచి ఉంచారు, పెరుగంతా పాడైందని కేకలేసింది. వేస్తే వేసింది.

నిన్ను తిట్టాలని మొదలుపెట్టాను, తిట్టలేకపోతున్నాను. నా ఫలితం ఇంకా రాలేదు. రాలేదని ఒట్టు. కానీ అది మొండి రకమైతే, నా వంతు వస్తే, నాకు ఆ ఫ్రిజ్ తలుపు ఎవరు పట్టుకుంటారు? ఈ గదిలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.

దీపాలు పంపు.

అగ్లాయా


బోటోషాని,
డిసెంబరు 18

వదినా,

మీ ఉత్తరం చదివాను. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదు. కతింకా పేరు చర్చిలో చదివించాను. మన చర్చిలోనే పెద్ద కొవ్వొత్తి, నిజమైన నిప్పుతో, ఆవిడ కోసం పెట్టించాను. ఆలస్యంగానైనా అందుతుందంటారా?

కొట్లో వెడల్పు నోటివి, పసుపువి ఎన్ని ఉంటే అన్నీ తెచ్చేశాను. కొట్టావిడ, "బడి పెడుతున్నావా?" అంది. జవాబు చెప్పబోతే ఏడుపొచ్చింది. ఆవిడకి ఏం అర్థమైందో గానీ కౌంటరు కింద నుంచి ఇంకొకటి తీసి సంచీలో వేసి, "పో అమ్మా, మంచు పడుతోంది" అంది.

ఇంటికొచ్చి అన్నిటికీ ఛార్జింగ్ పెట్టి, వంటింటి గట్టు మీద వరుసగా వెలిగించాను, ఏది ముందు ఆరిపోతుందో చూద్దామని. మీ తమ్ముడూ నేనూ వాటి ముందే కూర్చున్నాం. ముందుగా ఆరినదాన్ని పక్కన పడేశాను. తక్కినవి నమ్మకమైనవి. వాడకపోయినా ఛార్జింగ్ దానంతటదే తగ్గిపోతుందట, వారానికోసారి పెట్టిస్తూ ఉండండి.

ఒకదానికి ఎర్ర దారం కట్టాను. అది మీది. చదువుకోవడానికి మాత్రమే. తక్కినవి ఎవరికి ఇచ్చుకుంటారో మీ ఇష్టం, ఎర్ర దారానిది ఎవరు ఏడ్చినా ఇవ్వొద్దు. ఇదొక్కటీ నా మాట వినండి.

మళ్లీ గొంతు వాడితే ఊరుకోను.

మీ మరదలు,
స్మరాండా


బోటోషాని,
డిసెంబరు 29

వదినా,

ఈ ఉత్తరం ఎవరు చదువుతారో నాకు తెలియదు. మీరే చదువుతున్నారనుకుని రాస్తున్నాను. అలా అనుకోకపోతే కలం కదలడం లేదు.

పొద్దున పోస్టులో శానటోరియం ముద్రతో కవరొచ్చింది. పొడుగ్గా, తేలిగ్గా ఉంది. చింపితే లోపల మీ కొవ్వొత్తి. మీ పేరూ మంచం నంబరూ రాసిన కాగితం ముక్క దానికి రబ్బరు బ్యాండుతో చుట్టి ఉంది. ఇంకేమీ లేదు. లోపల చెయ్యి పెట్టి వెతికాను, కవరు తలకిందులు చేసి దులిపాను. ఒక్క ముక్క రాసి లేదు.

మనిషి పోయాకే కదా సామాన్లు ఇంటికి పంపేది?

మీ తమ్ముడు చూశాడు. పక్కింటివాళ్ల కారు తాళాలు అడిగి తీసుకుని, మంచు గొలుసులు చక్రాలకి చుట్టుకుని వెళ్లిపోయాడు. రొట్టె మూట కడతానన్నా ఆగలేదు. కనుమ దారి మూసేశారని రేడియోలో చెబుతున్నారు. మీ శానటోరియం ఫోను మోగుతోంది మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. ఆయన ఫోను కొండల్లోకి వెళ్లాక పలకడం లేదు. ఇప్పుడు నాకు ఇద్దరి భయం పట్టుకుంది.

కొవ్వొత్తిని సొరుగులో పెడితే మీరు లేరని ఒప్పుకున్నట్టుంటుంది. బల్ల మీద పెడితే చూడలేను. పొయ్యి దగ్గర పెడితే కరుగుతుంది. చేత్తో పట్టుకునే ఇల్లంతా తిరుగుతున్నాను. ఇప్పుడు కూడా ఎడమ చేతిలోనే ఉంది. పొద్దున్నుంచీ ఫ్రిజ్ తెరవలేదు, తెరవలేను.

వదినా, చేతిలో వెలుగుందా? ఎర్ర దారం దీపం దగ్గరుందా? ఎవరైనా పెట్టారా? చదువుకోవడానికి మాత్రమే అని రాశానే, ఎందుకలా రాశాను? దేనికైనా వాడుకోండి అని రాయాల్సింది.

మీరుంటే, ఒక్క ముక్క రాయండి. తిట్టండి. క్యాబేజీలో ఉప్పెక్కువైందని తిట్టండి. డ్రైవరు దారి తెరవగానే బయల్దేరతానన్నాడు, ఈ కాగితం అతనికిస్తాను.

స్మరాండా


శానటోరియం,
జనవరి 2

స్మరాండా,

క్యాబేజీలో ఉప్పెక్కువైంది. తినకుండానే చెబుతున్నాను, నీ చేతి ఉప్పు నాకు తెలియదా? ఇవాళ దారి తెరవగానే డ్రైవరు నీ కాగితం తెచ్చిచ్చాడు. ఇప్పుడు కూర్చో. కొవ్వొత్తి కింద పెట్టు. పెట్టావా?

నేను బాగున్నాను. నిన్న ఫలితం వచ్చింది. మొండి రకం కాదు. మందులకు లొంగే రకమేనని డాక్టరమ్మ కాగితం నా కళ్ల ముందు పెట్టి రెండుసార్లు చదివింది. నేను కాగితం లాక్కుని మూడోసారి చదువుకున్నాను. ఈస్టరుకి ఇంటికి పంపుతారు.

నీ మొగుడు ఇక్కడే ఉన్నాడు, వంటవాళ్ల గదిలో పొయ్యి పక్కన కాళ్లు కాచుకుంటున్నాడు. రేపు పొద్దున్నే ఈ ఉత్తరంతో బయల్దేరతాడు. కారుకి ఏమీ కాలేదు, కిందే వదిలేసి కొండెక్కాడు.

కొవ్వొత్తి సంగతి. సంవత్సరం చివర తనిఖీ వస్తుందని నర్సులు అలమారా ఖాళీ చేసి, లోపల ఉండకూడని వస్తువులన్నీ పేర్లు చూసి ఎవరిళ్లకి వాళ్లకి పోస్టు చేసేశారు. లైటర్లు, కొవ్వొత్తులు, ఎవరిదో కల్లు బుడ్డి కూడా. కొవ్వొత్తి ఇంటికొస్తే ఇంట్లోవాళ్లు ఏమవుతారో వాళ్లకి తట్టలేదు. నాకు చెప్పి ఉంటే తపాలా బండి ముందు పడుకునేదాన్ని. ఇక ఫోను స్తంభం క్రిస్మస్ నాడే మంచుకి విరిగింది. మోగుతున్నట్టు నీకు వినిపిస్తుంది, ఇక్కడ మోగదు. ఇలా మూడు ఇళ్లలో ఏడుపులు లేచాయట. నర్సు ఇప్పుడు నా మొహం చూడలేకపోతోంది.

నీ దీపాలు అందరికీ సరిపోయాయి. రుక్సాండ్రాకి ఆక్సిజన్ తీసేశారు, మళ్లీ ఈ గదికే వచ్చింది, వస్తూ వస్తూ తన దీపం వెంట తెచ్చుకుంది. ఎర్ర దారానిది ఎవరికీ ఇవ్వలేదు. మొదటిసారి నీ మాట విన్నాను, ఇదే చివరిసారి కూడా.

ఇప్పుడు నా తమ్ముడి సంగతి విను. వాడు చెప్పడు. నీకు తెలియాలి.

వాడొచ్చేసరికి పొద్దు వాలింది. మంచుకి కరెంటు తీగలు తెగి ఆ సాయంత్రం కొండంతా చీకటి. అంటురోగుల భవనంలోకి ఎవరినీ రానివ్వరు కాబట్టి గేటు దగ్గర ఆపేశారు, అక్కడి కాపలావాడికి రోగుల పేర్లు తెలియవు. వీడు ఆగుతాడా? వెనకనుంచి నడుముల్లోతు మంచులో పడుతూ లేస్తూ కిటికీలన్నీ వెతుక్కుంటూ వచ్చాడు. అన్ని కిటికీలూ నల్లగా ఉన్నాయి. ఒక్కదాంట్లో చిన్న పసుపు వెలుగు. అద్దానికి ముఖం ఆనించి చూస్తే లోపల నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను, గడ్డం దాకా దుప్పటి, గుండెల మీద రెండు చేతులు, ఆ చేతుల దగ్గర దీపం. ముఖం మీద ఆ వెలుగు. కదలిక లేదు.

వాడు టోపీ తీసేశాడట. మంచులో మోకాళ్ల మీద కూలబడి, శిలువ గుర్తు వేసుకుని, "పోనీలే, వెలుగుతోనే పోయింది, నా అక్కకి ఎవరో దీపం పెట్టారు" అని ఏడుస్తూ ప్రార్థన మొదలుపెట్టాడట. ఇదంతా తర్వాత అద్దం మీద నోరు ఆనించి అరిచి చెప్పాడు.

నాకేమీ తెలియదు. నవల్లో దొరసానికి పెళ్లి కుదిరే చోట ఉన్నాను.

పేజీ తిప్పాను.

అగ్లాయా